మూడో ఓకిగిరి

మైజురు, 1986 జూన్ 12

వదినగారికి,

వానలు మొదలయ్యాయి. మైజురులో గోడలకి కూడా చెమట పడుతోంది. కురెలో మీ ఇంటి మెట్లు ఈపాటికి పాచి పట్టి ఉంటాయి, దిగేటప్పుడు గోడ పట్టుకోండి. మీ మోకాలు కాస్త కుదుటపడిందని అనుకుంటున్నాను.

పోయినేడాది మా షిప్‌యార్డులో కొత్త ఓడని నీళ్లలోకి దించి ఓకిగిరి అని పేరు పెట్టినప్పుడు మీరు రాలేకపోయారు. మోకాలి నొప్పి అన్నారు, నేను బలవంతపెట్టలేదు. కానీ వచ్చే నవంబరులో ఓడని నౌకాదళానికి అప్పగిస్తున్నారు. ఈసారి మీరు రాకపోతే సభకే వెలితి. అన్నయ్య ఓడ పేరు నలభై రెండేళ్ల తర్వాత మళ్లీ సముద్రం మీదికి వెళుతోంది వదినగారూ. ఓకిగిరి అంటే నడిసముద్రపు పొగమంచు. ఎంత చక్కటి పేరు!

ఓడతో పోయినవారి కుటుంబాలు పెట్టుకున్న మన సంఘం తరఫున చిన్న పుస్తకం అచ్చు వేయిస్తున్నాం. మూడు ఓకిగిరిల చరిత్ర. మొదటిది బొగ్గు రోజుల్లో ఉత్తర సముద్రానికి కాపలా కాసింది. రెండోది లూజాన్ దీవికి దక్షిణాన వీరోచితంగా పోరాడి మునిగింది. మూడోది శాంతికోసం. చరిత్ర రాసే భాగ్యం, సంఘం అధ్యక్షుడిగా, నాకే దక్కింది.

అసలు సంగతి చివర రాస్తున్నాను. ఓడ లోపల నడవాలో చిన్న గుడి పెడుతున్నారు. అందులో రెండో ఓకిగిరిలో పోయినవారి పేర్లు చెక్కపలక మీద రాసి, పూజ చేసి, వారి ఆత్మల్ని ఓడలోకి ఆహ్వానిస్తారు. అందరికంటే పైన అన్నయ్య పేరు ఉంటుంది. సోయిచీ అన్నయ్య చివరి క్షణం దాకా జలాంతర్గాముల మీద వేసే నీటిబాంబుల దగ్గరే నిలబడి, వాటిని పేలకుండా చేసి, నీళ్లలో ఉన్న తోటివాళ్లని కాపాడాడని పుస్తకంలో రాశాను. కుటుంబ పెద్దగా ఒప్పుకున్నట్టు ముద్ర కూడా వేశాను. మీరు ముందు వరసలో కూర్చుంటే చాలు.

మూడు ఓడల బొమ్మలు అచ్చేసిన చేతి తువ్వాలు ఒకటి పంపుతున్నాను. జ్ఞాపకంగా ఉంచుకోండి.

మీ మరిది
ఎయిజిరో


కురె, జూన్ 21

ఎయిజిరో,

నువ్వు వాతావరణం రాశావు కాబట్టి నేనూ రాస్తున్నాను. ఇక్కడా వానే.

నీ తువ్వాలుతో చేపలు కోసే చెక్క తుడుస్తున్నాను. బాగానే పీల్చుకుంటోంది. మొగుడు మునిగిపోయిన ఓడ బొమ్మతో ముఖం తుడుచుకోమని పంపిన మనిషిని ఏమనాలో నాకు మాట దొరకలేదు. ఈ ఊళ్లో బజారులో అయితే తీపి పప్పు పెట్టిన బన్నుల మీద ఓకిగిరి అని వాత పెట్టి అమ్ముతున్నారు. పెట్టె మీద పొగమంచు, దాంట్లోంచి తొంగిచూస్తున్న ఓడ. పక్కన నిలబడ్డ పిల్ల అది తింటుంటే ముఖం తిప్పుకుని వచ్చేశాను. ఆ పిల్ల తప్పేం లేదు. నీలాంటివాళ్లదే.

నీ చరిత్ర సంగతికొస్తాను. మొదటి ఓకిగిరి ఉత్తర సముద్రానికి కాపలా కాసిందా? దొంగచాటుగా పీతలు పట్టే పడవల్ని తరిమింది. అదీ సరిగా తరమలేక రాతి గుట్టకి గుద్దుకుంది. దారి చెబుతానన్న చేపలవాడి మాట వింటే పరువు పోతుందని కెప్టెన్ బిగుసుకున్నాడట. ఇది చెప్పింది మీ నాన్నే, నీ ముందే, పొట్ట పట్టుకుని నవ్వుతూ. చివరికి దాని పెంకులో రాళ్లు నింపి మీ ఊరి రేవులో అలలకి అడ్డంగా ముంచారు. మీరిద్దరూ చిన్నప్పుడు దాని మీద గుల్లలు పీక్కున్నారు. ఇప్పుడది వీర వంశానికి మూలపురుషుడైంది, నాకు తెలియకుండానే.

మూడోది యుద్ధనౌక కాదట కదా. కాపలా ఓడ అనాలట. నిలువెత్తు ఫిరంగి పెట్టుకుని కాపలా అంటే నోరు తిరగడానికి సిగ్గుండాలి. ఆ గుడి కూడా సర్కారు లెక్కల్లో ఉండదట, నావికుల సొంత సామానట. దేవుణ్ణి దొంగసరుకులాగా ఓడ ఎక్కిస్తున్నారన్నమాట.

మీ అన్నయ్యని పదిహేడో ఏట పట్టుకెళ్లారు. మధ్యలో నాకు ఇచ్చింది మూడు సెలవులు. చివర అస్థికలంటూ తెల్లగుడ్డ చుట్టిన పెట్టె ఇచ్చారు, లోపల గులకరాయి. చచ్చాకైనా ఆయన్ని వదలరా? పూజ చేసి మళ్లీ డ్యూటీలోకి పిలుస్తారా? ఆ పలక మీద ఆయన పేరు రాయొద్దు. నువ్వు వేసిన ముద్ర నువ్వే చెరుపుకో.

హిసానో


మైజురు, జులై 9

వదినగారికి,

మీ ఉత్తరం చదివిన రోజు అన్నం సయించలేదు. ఎండలు ముదిరాయని కూడా రాయబుద్ధి కావడం లేదు.

మీ కోపానికి కారణం తువ్వాలు కాదని నాకు తెలుసు. అన్నయ్య పోయాక, అమ్మ మిమ్మల్ని నాకిచ్చి చేయాలనుకుంది. అప్పట్లో ఇంటింటా జరిగిందే అది. మీరు కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని కురె బండి ఎక్కేశారు. ఆ రోజు నుంచీ నేనేం చేసినా మీకు తప్పుగానే కనిపిస్తోంది. నేను ఏనాడూ మనసులో పెట్టుకోలేదు. మీరే పెట్టుకున్నారు.

పేరు పైన రాస్తే సరిపోలేదా? మీరు సభలో మాట్లాడే అవకాశం కూడా కావాలా? అడిగితే ఇప్పిస్తాను. చక్కగా రాసిచ్చేవాళ్లు ఉన్నారు.

అన్నయ్య సంగతి నా కల్పన అనుకుంటున్నారేమో. మరణవార్త కాగితంలో "విధి స్థానంలో" అని స్పష్టంగా ఉంది. ఆయన విధి ఏమిటి? ఓడ మునిగేముందు నీటిబాంబుల మరలు తిప్పి పేలకుండా చేయడం. అయితే ఆ స్థానంలో ఉన్నవాడు ఇంకేం చేస్తుంటాడు? పైగా, బతికి బయటపడ్డ కురాతగారిని మే నెల సమావేశానికి పిలిచి, అందరి ఎదుటా పుస్తకంలో ఆ పేజీ చదివి వినిపించాను. ఆయన తల వంచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఒక్క మాట కూడా కాదనలేదు. హాలంతా ఏడ్చింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మీరు నాకు శత్రువు కారు. దయచేసి రండి.

ఎయిజిరో


కురె, ఆగస్టు 19

ఎయిజిరో,

మాట్లాడే అవకాశం కావాలా అని అడిగావు. నన్ను చూసి నలభై ఏళ్లయింది, ఇంకా నేనెవరో నీకు తెలియలేదు. నిన్ను చేసుకోకపోవడానికి కారణం కూడా ఇప్పుడే చెబుతున్నాను, మనసు తేలికపడుతుంది. నువ్వు సూపు తాగుతుంటే వచ్చే చప్పుడు. అంతకుమించి ఏమీ లేదు.

పితృదేవతల పండగ అయిన మర్నాడు కురాత మా ఇంటికొచ్చాడు. ఓనోమిచి నుంచి రెండు బళ్లు మారి వచ్చాడు. పుచ్చకాయ తెచ్చాడు. మీ అన్నయ్య ఫోటో ముందు అగరొత్తి వెలిగించి ఎంతసేపటికీ లేవలేదు. తర్వాత అన్నీ చెప్పాడు. నీ సమావేశంలో ఎందుకు ఏడ్చాడో కూడా చెప్పాడు. జరగనిది చదువుతుంటే ఏడ్చాడు. పెద్దమనిషి రాసింది నలుగురిలో అబద్ధం అనలేక ఏడ్చాడు. మీరంతా దాన్ని అవును కింద జమకట్టేసి కళ్లు తుడుచుకుని సాకే సారా పోసుకున్నారు. మన జనంలో నోరెత్తనివాడి తల మీద ఏ రాయైనా పెట్టొచ్చు కదా.

జరిగింది ఇది. ఓడ వెనకభాగం కూలిపోతోంది. దూకమని ఆజ్ఞ వచ్చింది. నీటిబాంబుల మరలు తిప్పమని ఆఫీసరు మాట్లాడే గొట్టంలోంచి పదేపదే అరుస్తున్నాడు. అవి ఫలానా లోతుకి పోగానే పేలేట్టు అమర్చి ఉంటాయట, ఓడతోపాటు మునిగినా పేలతాయట. మీ అన్నయ్య తిప్పలేదు. మొదట దూకినవాళ్లలో ఆయన ఒకడు. కురాత ఒక తలుపు చెక్క దొరికించుకుని దాని మీద పడుకున్నాడు. మీ అన్నయ్య ఈదుకుంటూ అతని పక్కకొచ్చాడు. మీ అన్నయ్య ఈత నీకు తెలుసు, కుక్కపిల్లలా కొట్టుకునేవాడు. చెక్క అంచు పట్టుకుని, "కురాతా, నేను తిప్పలేదు" అన్నాడట. అంతే. ఓడ కిందికి పోయింది, సముద్రం పొంగింది. నీళ్లలో ఉన్నవాళ్లందరికీ లోపలి పేగులు పగిలాయి. పైకి గీత కూడా లేదు. చెక్క మీద ఉన్న కురాత ఒక్కడే ఆ చుట్టుపక్కల మిగిలాడు. మీ అన్నయ్య చేతులు వదిలేశాడు.

విని నాకు ఆయన మీద అసహ్యం వేయలేదు. నువ్వు నమ్మవు గాని, గుర్తుపట్టాను ఆయన్ని. ఉరిమితే నా చెయ్యి పట్టుకునే మనిషి. భయపడ్డాడు. భయంలో ఎంతమందిని చంపాడో ఆయనకి కాసేపట్లోనే తెలిసింది, అది తెలిసే పోయాడు. ఆ మనిషి నా మొగుడు. నీ పుస్తకంలో ఉన్న కంచు బొమ్మ ఎవడో నాకు తెలియదు. వాడి పేరుకి నా ఇంటిపేరు తగిలించకు. వాడి కోసం నన్ను ముందు వరసలో కూర్చోబెడతానంటే ఒళ్లంతా కంపరం ఎత్తుతోంది.

ఆ పేజీ తీసెయ్యి. పేరు తీసెయ్యి.

హిసానో


మైజురు, సెప్టెంబరు 4

వదినగారికి,

కురాతగారికి డెబ్బై దాటాయి. ఆ మధ్య బస్సు దిగి సొంత ఇల్లు వెతుక్కున్నాడని వాళ్లబ్బాయే చెప్పాడు. అలాంటివాడి మాట పట్టుకుని సొంత మొగుణ్ణి హంతకుణ్ణి చేస్తారా? మిమ్మల్ని చూస్తే నాకే రోత పుడుతోంది. క్షమించండి, రాసింది కొట్టేయను.

సరే, అతని మాటే నిజమనుకుందాం. నిజం చెబితే ఎవరికి లాభం? పోయినవాళ్ల భార్యలు ముసలివాళ్లయ్యారు. శత్రువు చేతిలో పోయారని నమ్ముకుని ఇన్నేళ్లు బతికారు. ఇప్పుడు వాళ్లని పిలిచి, కాదమ్మా, మనవాడి బాంబుకే పోయారు, వాడు మా అన్నే అని చెప్పమంటారా? మీలో జాలి అన్నది ఉంటే ఆలోచించండి.

పుస్తకం అచ్చయిపోయింది. మీ ఊళ్లో మీ స్నేహితురాలు మత్సుయేగారికి కూడా ఒక ప్రతి పంపాను. పలక చెక్కేవాడు పని మొదలుపెట్టాడు. ఇక నా చేతుల్లో లేదు.

ఎయిజిరో


కురె, అక్టోబరు 27

ఎయిజిరో,

నీ చేతుల్లో లేనిది ఇవాళ నా గుమ్మంలోకి వచ్చింది.

మత్సుయే నీకు సరిగ్గా తెలియదు. ఆమె మొగుడు తత్సుజో, అదే ఓడలో బాయిలరు దగ్గర పని. అతన్ని నీళ్లలోంచి తీశారు. ఒంటి మీద గీత లేదు. సిగరెట్టు అడిగి తాగాడట, నవ్వాడట. మూడో రోజు కడుపు ఉబ్బి పోయాడు. కాగితంలో జబ్బు అని రాశారు. అందుకే ఇక్కడి కొండమీద స్మారకశిలకి ముందువైపు అతని పేరు లేదు. యుద్ధంలో పోయినవాళ్లు ముందు, జబ్బుతో పోయినవాళ్లు వెనక. ప్రతి అక్టోబరు మేమిద్దరం కలిసే వెళతాం. అందరూ ముందు నిలబడి దణ్ణం పెడతారు. మత్సుయే ఒక్కతే పువ్వులు పట్టుకుని బురదలో వెనక్కి నడుస్తుంది. కడుపునొప్పితో చచ్చిన నావికుడని అత్తగారింట్లో ఆమెని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ఆమె కూడా నాలాగే ఆ ఇంట్లోంచి వచ్చేసింది.

ఇవాళ తన పెరట్లో పండ్లు బుట్టెడు మోసుకుని వచ్చింది. నీ పుస్తకం చంకలో ఉంది. గుమ్మంలోనే నేల మీద చేతులు ఆనించి నాకు వంగి దణ్ణం పెట్టింది. "అక్కా, మీ ఆయన వల్లే మావాడు ఇంకో మూడు రోజులు బతికాడట. ఇన్నేళ్లు తెలియక ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు" అంది. పండు కోసి ముక్క నా చేతిలో పెట్టింది. నోట్లో పెట్టుకున్నాను. బయటికెళ్లి కాలవలో ఉమ్మేసి వచ్చాను.

జాలి గురించి నాకు నీతులు చెప్పావు. ఆ మనిషి మా ఆయనకి దణ్ణం పెడుతుంటే చూస్తూ కూర్చోవడం జాలి అయితే, అది నాకొద్దు. అన్నీ చెప్పాను. చెక్క, మర, పేగులు, అన్నీ. ఆమె ఏడవలేదు. "కురాత బాగా చూశాడా" అని ఒక్కటి అడిగింది. చూశాడన్నాను. పుస్తకం తీసుకుంది, ఖాళీ బుట్ట మర్చిపోయి వెళ్లిపోయింది.

ఇప్పుడు కురాత కాక తెలిసినవాళ్లు ఇద్దరం. సభలో ఆ పేజీ చదివే ధైర్యం ఉంటే చదువుకో.

హిసానో


మైజురు, నవంబరు 20

వదినగారికి,

కొండల మీద ఆకులు ఎర్రబడ్డాయి. ఇక్కడ గాలి చల్లగా, హాయిగా ఉంది. మీరు లేకపోయినా సభ నిర్విఘ్నంగా జరిగింది.

ఓడ తెల్లవారే సరికి జెండాలతో మెరిసిపోయింది. బ్యాండు వాయించారు. కెప్టెన్ యువకుడు, వినయం ఉన్నవాడు. నడవాలో గుడి ముందు పూజారి మంత్రాలు చదువుతుంటే నాకు అన్నయ్య మెట్లు ఎక్కి వస్తున్నట్టే అనిపించింది.

మీకు ముఖ్యంగా రాయాల్సింది ఒకటుంది. మత్సుయేగారు వచ్చారు. ఒక్కరే వచ్చారు, నల్ల కిమోనోలో. ఆ పేజీ చదివాక లేచి వెళ్లి, అన్నయ్య పేరు ముందు ఎంత కిందికి వంగారంటే నుదురు పలక అంచుకి తగిలింది. "సోయిచీగారి పుణ్యం" అన్నారు, అందరికీ వినబడేలా. కెప్టెన్ కళ్లు చెమర్చాయి. మీరు చెప్పిన కథ ఆవిడ కూడా నమ్మలేదని దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది. నేను మిమ్మల్ని తప్పుపట్టను. ముసలితనంలో మనకి రకరకాల ఆలోచనలు వస్తాయి.

ఇంకో శుభవార్త. తత్సుజోగారి మరణం విషయంలో పాత పొరపాటు సరిచేయించాను. ఆయన కూడా యుద్ధంలోనే పోయారని సంఘం తీర్మానించింది. అన్నయ్య పేరు పక్కనే ఆయన పేరు పలక మీద రాయించాను. కురెలో స్మారకశిలకి కూడా ముందువైపు చెక్కుతారు. చేయగలిగినంత మంచి చేస్తూ పోవడమే నా పని.

ఎయిజిరో


కురె, డిసెంబరు 3

ఎయిజిరో,

పాత పొరపాటు సరిచేయించావా. ఎంత ముచ్చటగా రాశావు. నీ ఉత్తరం చదివి నేరుగా మత్సుయే ఇంటికి వెళ్లాను. ఖాళీ బుట్ట తిరిగిచ్చే వంకతో వెళ్లాను గాని, ఒళ్లు మండిపోతూ వెళ్లాను. నోరు మూయించడానికి నువ్వే బేరం పెట్టి ఉంటావనుకున్నాను.

పొరపాటు నాదే. అడిగింది ఆమె. పండ్లు తెచ్చిన మూడోరోజు మైజురు బండెక్కి నీ ఇంటికొచ్చిందట. నీ ఎదురుగా కూర్చుని, జరిగింది తనకి తెలుసనీ, సభలో లేచి చెప్పగలననీ, చెప్పకుండా దణ్ణం కూడా పెట్టగలననీ అందట. తన మొగుడి పేరు ముందువైపు చెక్కమందట. నువ్వు టీ చల్లారేలోపు ఒప్పుకున్నావట. ఇవన్నీ నాకు రాయలేదేం? ఆవిడ నమ్మలేదని రాశావు. కురాతకి మతిపోయిందన్నావు, నాకు వయసు మీదపడిందన్నావు. నమ్మింది కాబట్టే కదా నీ చేత రాయించుకుంది.

ఆమె మీద అరిచాను. ఆ మనిషికి ఎలా తల వంచావే అన్నాను. మత్సుయే ముల్లంగి తరుగుతోంది. కత్తి ఆపలేదు.

"మీ ఆయన ఏం చేశాడో నాకు తెలుసు అక్కా. మా ఆయన కడుపునొప్పితో చావలేదని కూడా ఇప్పుడు తెలుసు. నిజం చెబితే శిల మీద ఆయన్ని ఎక్కడ పెడతారు? మనవాళ్ల బాంబుకి చచ్చినవాళ్లకి ఏ వైపూ లేదు. మీ ఆయన దేవుడైతేనే మా ఆయన సైనికుడవుతాడు. నాకు అది కావాలి. నువ్వు పాడు చేయకు."

ఇంటికొచ్చి సంఘానికీ, కెప్టెన్‌కీ, పత్రికకీ రాద్దామని పెట్టుకున్న కాగితాలు పొయ్యిలో పెట్టాను. మీ అన్నయ్య పేరు తీయమంటే ఆ పేజీ పోతుంది. ఆ పేజీ పోతే మీ బేరమూ పోతుంది, తత్సుజో మళ్లీ జబ్బుతో పోయినవాడవుతాడు, ఆమె మళ్లీ బురదలో నడవాలి. నువ్వు గెలిచావు. నీ తెలివితేటలతో కాదులే.

కాబట్టి ఆయన్ని అక్కడే ఉండనీ. చంపినవాడూ చచ్చినవాడూ ఒకే చెక్క మీద, భుజం భుజం రాసుకుంటూ, మూడో ఓకిగిరిలో తిరగనీ. రోజూ పొద్దున కుర్రాళ్లు వచ్చి గుడి ముందు ఆచారంగా చప్పట్లు కొట్టి దణ్ణం పెట్టుకుంటారు. తలుచుకుంటే నాకు డోకు వస్తోంది. మీ అన్నయ్యకి కూడా వస్తూ ఉంటుంది. ఆయనకి దూకేదారి కూడా లేకుండా చేశావు.

ఇక నుంచి నాకు ఉత్తరాలు రాయకు. వదినగారు అని పిలవకు.

వచ్చే అక్టోబరులో శిల దగ్గరికి తోడు రమ్మని మత్సుయే అడిగింది. వెళతాను. నలుగురిలో ఆమె మా ఆయన పేరుకి తల వంచుతుంది. నేను పక్కనే నిలబడి తత్సుజో పేరుకి వంచుతాను. చూసేవాళ్లకి తేడా తెలియదు.

హిసానో